పదోవంతు పేచీ

షూటింగ్ క్లబ్బు పోటీలో అత్తగారికీ కోడలికీ చెరి నూట రెండు పాయింట్ మూడు వచ్చింది. బోర్డు మాత్రం కోడలిని మొదటి స్థానంలోనూ, అత్తగారిని రెండో స్థానంలోనూ చూపించింది. "ఇద్దరిదీ ఒకటే స్కోరైతే నేను రెండోదాన్ని ఎలా అయ్యానురా?" అని అత్తగారు అడిగితే, ఆ లెక్కలు కూడే ప్రోగ్రాం రాసిన కొడుకు "కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మా" అని నవ్వాడు. ఆవిడ మారు మాట్లాడకుండా రైఫిలూ దిండూ చంకన పెట్టుకుని, తన కుట్టు దుకాణం వెనక గదికి కాపురం మార్చేసింది. కోడలితో మాటలు బంద్. పోయిన వారం మనం అక్కడ ఆగాం.

ఇవాళ ఆదివారం. పెద్ద పోటీకి క్లబ్బు తరఫున వెళ్ళే మనిషి ఎవరో సాయంత్రంలోగా తేల్చి పంపాలి. ఒక్కరికే చోటు. కొడుకు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తప్పు వెతకడానికి అనుకునేరు, కాదు. తనదే ఒప్పని కాగితం మీద అచ్చు తీసి తల్లి ముందు పెట్టడానికి! ఆవిడ అతన్ని కోపమొచ్చినప్పుడల్లా 'పుత్రరత్నం' అంటుంది. ఈ వారంలో ఆ పిలుపు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు గనక మనమూ అలాగే పిలుద్దాం.

పుత్రరత్నం డేటాబేస్ తెరిచాడు. పేల్చిన ప్రతి గుండుకీ అందులో ఒక వరస ఉంటుంది: ఎవరు పేల్చారు, ఎంత వచ్చింది. వాటిని మనిషివారీగా కూడి, పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి పేర్చమంటే స్థానాలు వచ్చేస్తాయి. రెండు మొత్తాలు సమానమైతే 'సమానం, షూట్-ఆఫ్' అని బోర్డు మీద పడాలి. అంటే ఒక్కో గుండు పేల్చి తేల్చుకోవాలన్నమాట. ఆ ఏర్పాటు కూడా అతనే రాశాడు, కాస్త గర్వంగానే రాశాడు. ఇద్దరి మొత్తాలూ అడిగాడు. నూట రెండు పాయింట్ మూడు, నూట రెండు పాయింట్ మూడు. చూశావా అనుకున్నాడు. అనుకున్నాక, ఇద్దరిదీ ఒకటే అయితే ఆ 'సమానం' అన్న మాట ఎందుకు పడలేదో మొదటిసారి తట్టింది. వారం క్రితం తల్లి అడిగిందీ అదే కదా!

బోర్డు మీద పాయింట్ తర్వాత ఒక్క అంకె చాలని అప్పట్లో అతనే కత్తిరించి పెట్టాడు. ఇప్పుడు కత్తెర తీసేసి, లోపల ఏముందో ఉన్నదున్నట్టు చూపించమన్నాడు. తల్లిది 102.3. భార్యది 102.30000000000001.

పుత్రరత్నం తెర మీద ఆ చివరి ఒకటి దగ్గర వేలు పెట్టాడు. అన్ని సున్నాల అవతల, మూల నక్కి కూర్చున్న ఆ ఒకటి తన కొంప కూల్చింది. వెంట్రుకను కోటి ముక్కలు చేసినా అంత సన్నం ముక్క రాదు. ఏ తుపాకీ అంత తేడాతో పేల్చలేదు, ఏ యంత్రం అంత తేడా కొలవలేదు. ఆ ముక్క లక్ష్యం మీద లేదు, అతని కూడికలో పుట్టింది.

కారణం తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తెలిశాక తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మొదట్లో క్లబ్బులో కాగితం లక్ష్యాలు ఉండేవి. పది, తొమ్మిది, ఎనిమిది అని నిండు అంకెలే. తర్వాత, పళ్ళ డాక్టరైన భార్య పోరగా పోరగా ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చాయి. పది పాయింట్ రెండు, పది పాయింట్ ఏడు అని పదోవంతుల్లో చెప్పడం మొదలుపెట్టాయి. పుత్రరత్నం స్కోరు గడిని 'ఫ్లోట్' రకానికి మార్చేశాడు. పాయింటున్న అంకెలు దాచడానికి చేతికందిన రకం అదే మరి. మార్చాక పరీక్షించాడు కూడా. ఏ అంకెలతో? పదులూ, పదిన్నరలతో! ఉత్తుత్తి పరీక్షలో కూడా తమ ఇంటివాళ్ళు వంకర గుండు పేల్చినట్టు రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. పదులూ పదిన్నరలూ ఆ రకంలో పొల్లుపోకుండా కూడుతాయి. పది పాయింట్ రెండూ, పది పాయింట్ ఏడూ కూడవు. ఇంటి పరువు నిలబెట్టబోయి ఇల్లే చీల్చాడు.

ఇప్పుడు చెప్పాలి. తల్లికి చెబితే 'నేనన్నానా లేదా' అంటుంది, పడొచ్చు. భార్యకు ఎలా చెప్పడం? పెద్ద పోటీ కోసం క్లినిక్కుకు సెలవు పెట్టేసింది. ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్ తెర మీది ఈ కిటికీ మూసేస్తే ఇంకెవరికీ తెలియదు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి సిగ్గేసింది. చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

కుట్టు దుకాణంలో మిషను గడగడలాడుతోంది. అత్తగారు సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించగల మనిషి. ఆ చెయ్యే రైఫిలు పట్టినప్పుడు కూడా కదలదు. పక్కన స్టూలు మీద మామగారు బ్రెడ్డు టీలో ముంచుకు తింటున్నారు. ఆయన బస్టాండులో అనౌన్సరుగా రిటైరయ్యారు. ఉప్పు అందుకోమన్నా సరే, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సొస్తున్నట్టే ఉంటుంది ఆయన గొంతు.

"ఏవండీ, ఎవరొచ్చారో చూడండి" అంది అత్తగారు తలెత్తకుండా.

"మన అబ్బాయి."

"ఏం కావాలో కనుక్కోండి. జాకెట్లు అయితే బుధవారం. ఫ్యాంట్లు కుట్టడం లేదు."

"అమ్మా, తప్పు నాదే" అన్నాడు పుత్రరత్నం.

మిషను ఆగింది.

"మళ్ళీ చెప్పు."

"నువ్వడిగింది కరెక్టే. ఇద్దరూ సమానమే. కూడికలో తేడా వచ్చింది."

"నువ్వు చదివింది కంప్యూటర్లు కదురా? కూడికలో తేడా ఏంటి? వీధి చివర కొట్లో పిల్లాడు కూడా నోటితో కూడతాడు."

పుత్రరత్నం బల్ల మీదున్న నమూనా కాగితం నుంచి సన్నటి పీలిక కత్తిరించి, టేపు పక్కన పెట్టాడు. సరిగ్గా పది సెంటీమీటర్లు.

"ఇందులో పదోవంతు చూపించమ్మా."

"ఇదిగో." టేపు మీద ఒకటి దగ్గర గోరుతో నొక్కింది.

"టేపు ముట్టుకోకూడదు. సగానికి మడవచ్చు, దాన్ని మళ్ళీ సగానికి మడవచ్చు, అంతే. ఆ ముక్కలు ఎన్నయినా కలుపుకో. పదోవంతు రావాలి."

అత్తగారికి పంతమొచ్చింది. మడిచింది. సగం, పావు, అరపావు. అరపావు టేపు మీద ఒకటి దాటి బయటికొచ్చింది. ఇంకో మడత పెడితే ఒకటి లోపలే ఉండిపోయింది. దానికి, దానిలో సగం ముక్క కలిపింది. దగ్గరికొచ్చింది కానీ ముట్టలేదు. దానిలో సగం కలిపితే దాటిపోయింది. మామగారు బ్రెడ్డు వదిలేసి వంగి చూస్తున్నారు. ఆవిడ ఇంకా సన్నంగా, ఇంకా సన్నంగా మడుస్తూ పోయింది. చివరికి కాగితం మడతపడనని మొరాయించింది.

"రాదురా ఇది" అంది.

"ఎన్నేళ్ళు మడిచినా రాదు. కంప్యూటరుకి లోపల తెలిసిందల్లా ఆ సగాలే. సగం ఇస్తే ఖాయంగా ఉంచుకుంటుంది. పదోవంతు ఇస్తే, దానికి బాగా దగ్గరున్న ముక్క ఏదో పట్టుకుని 'ఇదే' అనుకుంటుంది. ఒక్కో గుండుకీ కాస్త పొల్లు. కూడినప్పుడల్లా ఇంకాస్త పొల్లు. నువ్వు పేల్చిన అంకెలు వేరు, నీ కోడలు పేల్చినవి వేరు కదా. నీ పొల్లంతా కలిసి ఒకదానికొకటి సరిపోయింది, తనది సరిపోక రవ్వంత మిగిలింది. నేను వెర్రివెధవని, ఆ రవ్వని గెలుపు అన్నాను."

"మరి ఆ అంకెల్ని ఉన్నవున్నట్టు దాచుకునే దారే లేదా?"

"ఉందమ్మా. డెసిమల్ అని ఇంకో రకం గడి ఉంది. అది టేపు లాంటిది, పదోవంతులు పదోవంతులుగానే ఉంటాయి. నేను అది వాడాల్సింది."

అత్తగారు ఆ మడతల కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. పుత్రరత్నం తిట్ల కోసం సిద్ధపడ్డాడు. తిట్లు రాలేదు.

"ఓడిపోయానని వచ్చేశాననుకున్నావు కదూ?" అంది మెల్లిగా. "ఓడిపోవడం నాకేం కొత్తరా? అడిగినదానికి నవ్వావు చూడు, అక్కడ తగిలింది. ఒక్కసారి తెరిచి చూసి, ఆ తర్వాత నవ్వినా నేనేమీ అనుకోకపోదును."

అతని కళ్ళు చెమర్చాయి. "ఇంకెప్పుడూ చూడకుండా చెప్పనమ్మా. తప్పైపోయింది" అన్నాడు. ఆవిడ అతని నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసింది. మొట్టికాయ పడిందంటే కోపం పోయినట్టేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"సరే. మీ ఆవిడకి చెప్పావా?"

పుత్రరత్నం తేలు కుట్టిన దొంగలా టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"చెప్పక్కర్లేదు, విన్నాను" అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది. ఇస్త్రీకి వేలాడుతున్న కోట్ల మధ్య నుంచి కోడలు లోపలికి వచ్చింది. పొద్దున్నే ఫోను చేసి ఆమెను రమ్మన్న మామగారు మాత్రం, తనకేమీ తెలియనట్టు టీ గ్లాసు అడుగు పరీక్షించడం మొదలుపెట్టారు.

"ఏవండీ, మీ కోడల్ని కూర్చోమనండి" అంది అత్తగారు.

"కోడలు గారు దయచేసి కూర్చోవలసిందిగా కోరుతున్నాం" అని ప్రకటించారు మామగారు.

కోడలు కూర్చోలేదు. భర్త వైపు తిరిగింది. "అయితే నేను గెలవలేదన్నమాట."

"ఓడిపోలేదు కూడా" అన్నాడు అతను.

"వారమంతా పేషెంట్లు అభినందనలు చెబుతున్నారండీ! నోట్లో పత్తి పెట్టుకుని మరీ చెప్పారు. ఒకాయన మత్తు దిగకముందే చెయ్యి కలిపాడు. అందరికీ నవ్వుతూ థాంక్స్ చెప్పాను. ఇప్పుడు వాళ్ళకేం చెప్పను, సున్నా పాయింట్ సున్నా సున్నా సున్నాతో గెలిచానని చెప్పనా?"

పుత్రరత్నం పరిస్థితి విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టుంది. భార్య ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆవిడ ఏడవలేదు. పెదవి కొరుక్కుని, మామగారి వైపు చూసింది.

"మామయ్యగారూ, అత్తయ్యతో ఒక మాట చెప్పండి. బోర్డు నేనూ చూశాను. రెండు అంకెలూ ఒకటేనని నాకూ కనిపించింది. ఆవిడ అడిగారు. గెలిచింది నేనే కదా అని నేను నోరు మూసుకున్నాను. అదే నాకు రాత్రిళ్ళు గుచ్చుకుంటోంది."

మామగారు గొంతు సవరించుకున్నారు. కానీ ఈసారి ప్రకటన చెయ్యలేకపోయారు. "విన్నావుగా" అన్నారు మామూలు గొంతుతో, భార్యతో.

అత్తగారు మిషను మీది గుడ్డ సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది. "ఏవండీ, ఆ అమ్మాయితో చెప్పండి. ఎప్పుడీ మాట అంటుందా అని వారమంతా గుమ్మం వైపే చూశానని చెప్పండి. పోనీలెండి, ఇప్పటికైనా అంది."

"మామయ్యగారూ, మరి ఇప్పుడేం చేద్దామంటారో అడగండి."

"ఏం చేస్తాం, పేల్చుకుంటాం! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఒక్కో గుండు. పైచెయ్యి అయినవాళ్ళు పెద్ద పోటీకి పోతారు. నేనేమీ వయసుకి మర్యాదగా వదిలెయ్యమని అడగను. తనూ పెద్దావిడ కదా అని చెయ్యి వణికించుకోవద్దని చెప్పండి, నాకు ఒళ్ళు మండుతుంది."

"అలా వణికించుకుంటే నేను పళ్ళ డాక్టర్నే కాదని చెప్పండి!"

మామగారు చేతులెత్తేశారు. "మీ ఇద్దరి మధ్యా ఉన్నది మూడడుగులు. నేను ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడి అరవనే!" అన్నారు. నలుగురూ ఒక్కసారే నవ్వారు. అత్తగారు ముందుగా నవ్వు ఆపుకుని, రైఫిలు పెట్టె చేతికెత్తుకుంది. మాటలు మాత్రం ఇంకా కోడలితో నేరుగా కలపలేదు. అలవాటైన మౌనం తుప్పుపట్టిన తలుపులాంటిది, ఒక్క తోపుకు రాదు.

మధ్యాహ్నానికి క్లబ్బులో తుపాకులు పేల్చే రేంజ్ కిక్కిరిసిపోయింది. క్లబ్బు కోచ్ అందరికీ ఫోన్లు చేసినట్టున్నాడు. సెలవురోజు నిద్రపోయేవాళ్ళు కూడా జుట్టు దువ్వుకోకుండా వచ్చేశారు. పుత్రరత్నం మూల బల్ల దగ్గర కూర్చుని ముందు మొత్తం డేటాకి నకలు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత స్కోరు గడిని ఫ్లోట్ నుంచి డెసిమల్‌కి మార్చాడు, పాయింట్ తర్వాత ఒక్క అంకెతో. ఈసారి పరీక్షకు పదులు పెట్టుకోలేదు. పది పాయింట్ ఒకటి, తొమ్మిది పాయింట్ ఏడు, ఎనిమిది పాయింట్ మూడు, అన్నీ వంకర గుండ్లే. అదే మొత్తం వచ్చేలా ఇంకో రకంగా పేర్చాడు. సమానం అంటే సమానం అన్నది యంత్రం. వరస తిరగేసినా అదే మాట. అప్పుడు నిజమైన స్కోర్లు నడిపించాడు.

బోర్డు ఒక క్షణం నల్లబడి వెలిగింది. మొదటి స్థానంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన. కింద, అతను ఎప్పుడో రాసి, ఇంతవరకూ ఒక్కసారి కూడా చూసుకోని మాట: 'సమానం. షూట్-ఆఫ్'.

చప్పట్లు రేంజ్ కప్పు ఎగిరిపోయేలా మోగాయి. పుత్రరత్నం లేచి, మైకు తీసుకుని, తప్పు తనదేనని, భార్యదీ కాదు, లక్ష్యాలదీ కాదని అందరి ముందూ చెప్పాడు. "ముందే కనుక్కుని ఉంటే మీ అమ్మ చేత నా కోటు టైముకి కుట్టించుకునేవాణ్ణి కదయ్యా" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. వారం రోజులుగా గుండె మీదున్న బండ దిగినట్టయింది అతనికి.

మైకు మామగారి చేతికి వెళ్ళింది. క్లబ్బు ఆనవాయితీ ప్రకారం పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు తర్వాత.

అత్తగారు పేల్చింది. పది పాయింట్ నాలుగు. కోడలు పేల్చింది. పది పాయింట్ నాలుగు. జనం ఈలలు వేశారు. "ఈసారి లెక్క సరిగ్గా చూశావా?" అని కోచ్ అడిగితే, పుత్రరత్నం రెండు చేతులూ జోడించాడు.

రెండో గుండు. అత్తగారు నిలబడిన తీరు చూస్తే, ఈ పదేళ్ళలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా, సుఖంగా ఉంది ఆవిడ. ట్రిగ్గరు నొక్కింది. "పది... పాయింట్... ఎనిమిది!" మామగారి గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఈ క్లబ్బులో ఈ ఏడాది అంత మంచి గుండు పడలేదు. దాన్ని దాటాలంటే కోడలికి ఒక్కటే దారి, నట్టనడుమ పది పాయింట్ తొమ్మిది.

కోడలు రైఫిలు ఎత్తింది. గురి చూసింది. దించేసింది. మళ్ళీ ఎత్తింది. గొట్టం చివర సన్నగా వణుకుతోంది. దూరం నుంచి పుత్రరత్నానికి కూడా తెలుస్తోంది. మళ్ళీ దించింది. గడియారంలో సమయం అయిపోవస్తోంది. పోటీలో ఎవరూ ఎవరికీ సలహా చెప్పరు. పక్క వరసలో నిలబడ్డ అత్తగారు తన రైఫిలు బల్ల మీద పెట్టేసింది. భర్త వైపు చూడలేదు, మైకు వైపూ చూడలేదు.

"అమ్మాయ్" అంది.

కోడలు తల తిప్పింది.

"ఊపిరి బిగపట్టకమ్మా. పన్ను తీసేటప్పుడు బిగపడతావా? వదిలెయ్, ఆ తర్వాత నొక్కు. నేనిక్కడే ఉన్నా."

కోడలి కళ్ళు నిండాయి. ముంజేత్తో తుడుచుకుంది. "అలాగే అత్తయ్యా" అంది, నేరుగా, అత్తయ్య కళ్ళలోకి చూస్తూ. రైఫిలు ఎత్తింది. నిదానంగా ఊపిరి వదిలింది. గొట్టం నిలిచింది.

టప్పుమంది.

బోర్డు కన్నా ముందు అంకె పడేది అనౌన్సరు ముందున్న చిన్న తెర మీద. పుత్రరత్నం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక అంకె తెలుసుకోవడానికి అతను భయపడటం ఇదే మొదలు. చెవులు మాత్రం మూసుకోలేదు.

"పది..." అన్నారు మామగారు.

జనం ఊపిరి బిగపట్టారు.

"పాయింట్..."

ముప్ఫై ఏళ్ళు బస్టాండులో ఒక్క బస్సు పేరు దగ్గరా తడబడని ఆ గొంతు, అక్కడ ఆగిపోయింది. ఆ చివరి అంకె ఏమిటో వచ్చే వారం.